గోడ దిగిన గోడపత్రిక: మా ఆదివారం బడి ప్రాజెక్టు డైరీ

బెంగళూరు మారతహళ్లి దగ్గర మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం ఉదయం 10 నుంచి 11:30 దాకా తెలుగు బడి నడుపుతున్నాం. 14 మంది పిల్లలు, రెండో తరగతి నుంచి ఐదో తరగతి దాకా. రెండేళ్లుగా నెలకోసారి చార్టు మీద గోడపత్రిక పెట్టేవాళ్లం. ఏప్రిల్‌లో ఆ గోడకి రంగులేసి, ఇక మేకులు కొట్టొద్దన్నారు. అట్లా పత్రికని ఆన్‌లైన్‌లో పెట్టాల్సొచ్చింది. పేరు కోసం జరిగిన ఓటింగు, లోగో మీద గొడవ వదిలేస్తున్నాను. పక్క లేఅవుట్ వాళ్లు, హొరమావు నుంచి ఇంకొకావిడ "మేమూ చేస్తాం, ఎలాగో చెప్పండి" అని అడిగారు కాబట్టి ఇది రాస్తున్నాను. ఎక్కడెక్కడ చెడగొట్టామో రాస్తేనే వాళ్లకి పనికొస్తుంది.

నాది అకౌంట్స్ ఉద్యోగం, కోడింగ్ రాదు. అందుకే దేనికైనా లెక్క మాత్రం ఉంటుంది. సైటు పనికి మా తమ్ముడు సాయం. కాడుబీసనహళ్లిలో ఉద్యోగం, శనివారాలు మాత్రమే దొరుకుతాడు.

పిల్లల అసలు పేర్లు ఇందులో లేవు. కలం పేర్లే రాశాను. ఎందుకో నాలుగో దశలో తెలుస్తుంది.

దశ 1: కాగితం మీంచి ఫోన్‌లోకి (జూన్)

మొదటి సంచికకి 11 పేజీలు వచ్చాయి. ట్యూబ్‌లైట్ కింద ఫోన్‌తో ఫోటోలు తీశాను. ప్రతి పేజీ మీదా నా చెయ్యి నీడ, దానికి తోడు లైటు వల్ల అడ్డచారలు. పెన్సిల్ రాత అయితే దాదాపు కనపడలేదు.

సరేనని స్కానర్ యాప్ పెట్టాను. అందులో 'డాక్యుమెంట్' ఫిల్టర్ వేస్తే కాగితం తెల్లగా, రాత నల్లగా తళతళలాడిపోయింది. చాలా సంతోషపడ్డాను. మర్నాటి ఆదివారం 'పచ్చిమామిడి' (8 ఏళ్లు) ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఆంటీ, నా సూర్యుడేడి?" అంది. పసుపు క్రేయాన్‌తో దిద్దిన సూర్యుణ్ని ఫిల్టర్ కాగితం మరక అనుకుని తుడిచేసింది. మబ్బులకేసిన లేత నీలం కూడా పోయింది. మిగిలింది ఒక ఇల్లు, నాలుగు కర్రల్లాంటి మనుషులు.

మార్చినవి:

1. ఫిల్టర్లు బంద్. అంచులు కత్తిరించడం, కాస్త వెలుతురు పెంచడం, అంతే.
2. లైటు కింద కాదు, కిటికీ పక్కన, ఉదయం 9 గంటలప్పుడు, ఎండ నేరుగా పడని చోట.
3. కాగితం కింద నల్ల చార్టు. అంచులు తేలిగ్గా దొరుకుతాయి, వెనక పేజీ రాత ఇవతలికి కనపడదు.
4. రెండు స్టూళ్ల మధ్య గాజు పలక పెట్టి, దాని మీద కెమెరా కిందికి ఉండేలా ఫోన్ పెట్టి తీయడం. పలక మా పాత టీపాయ్‌ది. చెయ్యి నీడ పీడ వదిలింది.
5. హెచ్‌బీ పెన్సిల్ బదులు 2బీ.

తర్వాత బరువు. ఫోన్ ఫోటో ఒక్కోటి సగటున 3.8 ఎంబీ. 11 పేజీలకి దాదాపు 42 ఎంబీ. కదిరిలో ఉన్న ఒక అవ్వ ఫోన్‌లో మూడో పేజీ దగ్గర చక్రం తిరుగుతూనే ఉందట. వెడల్పు 1200 పిక్సెళ్లకి తగ్గించి, జేపెగ్ నాణ్యత 70కి దించితే ఒక్కోటి 210 కేబీ దగ్గర ఆగింది. మొత్తం 2.3 ఎంబీ. ఫోన్‌లో చూస్తే తేడా నాకైతే తెలియలేదు.

ఒక జాగ్రత్త. ఫోన్ ఫోటోలో లొకేషన్ ఆన్ ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైల్లో దాక్కుని ఉంటుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది పోతుంది గానీ, "క్లారిటీ తగ్గుతోంది" అని డాక్యుమెంట్‌గా పంపితే అలాగే ఉంటుంది. మాకు వచ్చిన 11లో 4 డాక్యుమెంట్లుగానే వచ్చాయి. ఇప్పుడు అన్నింటినీ, ఈ దాగిన వివరాలు తుడిచే ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాంతో కడిగాకే ముందుకి పంపుతున్నాం.

ఇప్పటిదాకా: 9 గంటలు. ఖర్చు రూ. 100 (2బీ పెన్సిళ్లు 70, చార్టులు 30). అచ్చయినవి 0.

దశ 2: అక్షరాలు, మా చేతివాటం (జూన్ చివర, జూలై)

బొమ్మలోని రాత ఒక్కటే ఉంటే చిన్న ఫోన్లలో చదవలేరు. కాబట్టి కింద టైపు చేసిన పాఠం కూడా ఉండాలనుకున్నాం. ఫోటోలోంచి అక్షరాలు లాగే యాప్‌తో మొదలుపెట్టాను. 92 మాటలున్న పేజీలో 37 సరిగ్గా వచ్చాయి. తప్పు యాప్‌ది ఒక్కదానిదే కాదు. మా పిల్లలు బడిలో కన్నడ చదువుతారు కాబట్టి వాళ్ల తలకట్టు కన్నడ తలకట్టే. మనది టిక్కు మార్కులా పైకి లేస్తుంది, వాళ్లది అడ్డంగా పడుకుని చివర కాస్త వంగుతుంది. 'క', 'త' రెండు బళ్ల మధ్య ఎటూ తేలని ఆకారంలో ఉంటాయి. చదివేవాళ్లకి ముచ్చటగానే ఉంటుంది, యాప్‌కి మాత్రం పిచ్చెక్కింది.

ఇందులోంచి ఇంకో తిప్పలు వచ్చింది. కొన్ని అక్షరాలని అది నిజంగానే కన్నడ అక్షరాలుగా ఎక్కించింది. కంప్యూటర్ ప్రతి అక్షరానికీ ఒక గడి ఇచ్చే పట్టిక యూనికోడ్. అందులో తెలుగుకి 128 గళ్లు, దాని పక్కనే కన్నడకి 128 గళ్లు. సున్నా, 'ర' కంటికి దాదాపు ఒకేలా ఉంటాయి గానీ లోపల గడి వేరు. 'రంగు' అని వెతికితే ఎదురుగా ఉన్న 'రంగు' దొరకదు. ఇది కనిపెట్టడానికి ఒక సాయంత్రం మొత్తం పట్టింది. యాప్ తీసేశాను.

తర్వాత ముగ్గురు పెద్దవాళ్లం కూర్చుని టైపు చేశాం. అసలు పొరపాటు ఇక్కడ జరిగింది. టైపు చేసేవాళ్ల చెయ్యి ఊరుకోదు. సంచిక తయారయ్యాక, అలవాటు కొద్దీ, అసలు కాగితాన్నీ టైపు ప్రతినీ పక్కపక్కన పెట్టి తేడాలు లెక్క కట్టాను. 11 రచనల్లో 163 మార్పులు.

- ల-ళ, న-ణ, ఒత్తుల తప్పులు: 71
- కన్నడ తలకట్టు వల్ల మేమే తప్పు అనుకుని దిద్దినవి: 38
- "ఇలా ఉంటే బాగుంటుంది" అని మార్చినవి: 54

ఆ 54 చూస్తే తల వంచుకోవాలనిపించింది. ఒకటి చెప్తాను. మెజెస్టిక్ బస్టాండు ఉన్న చోట ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు ఉండేదని, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు మీద కట్టారని అంతకుముందు వారం క్లాసులో చెప్పాం. 'టైరు తాత' (9 ఏళ్లు) రాసింది ఇది: "వాన పడితే మా రోడ్డుకి తను చెరువు అని గుర్తొస్తుంది." టైపు ప్రతిలో ఉన్నది ఇది: "వర్షం పడినప్పుడు మా రోడ్డు చెరువులా మారుతుంది." మార్చింది నేనే. రాత్రి పదకొండింటికి, నిద్రమత్తులో, మంచి పని చేస్తున్నాననుకుంటూ.

రెండోది 'ఊట', భోజనానికి కన్నడ మాట. "ఊట అయ్యాక అవ్వ కథ చెప్పింది" అని ఒక పాప రాస్తే ఒకాయన దాన్ని 'భోజనం' అని మార్చాడు. పాప ఒప్పుకోలేదు. వాళ్ల ఇల్లు బెంగళూరుకి వచ్చి మూడు తరాలు, వాళ్ల అవ్వ కూడా 'ఊట' అనే అంటుందట. తెలుగులో ఊట అంటే నీటి ఊట కదమ్మా అంటే, "మా ఇంట్లో కాదు" అంది. ఇంక ఏం వాదిస్తాం?

కొత్త పద్ధతి:

1. టైపు చేసేది పిల్లలే. పెద్దవాళ్ల చేతులు వెనక్కి కట్టుకోవాలి. ఇది మాటవరసకి కాదు, నిజంగానే కట్టుకుంటాం.
2. అక్షరం తప్పు అనిపిస్తే కాగితం మీద చిన్న చుక్క పెడతాం. ఎందుకు పెట్టామో చెప్పం. వాళ్లే కనిపెడితే దిద్దుతారు, లేకపోతే తప్పు తప్పులాగే పోతుంది.
3. మాట మార్చడం లేదు. అర్థం కాకపోతే అడుగుతాం.

టైపింగ్ రెండు రకాలుగా కొలిచాం. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు రప్పిస్తే నిమిషానికి 9 మాటలు, నేరుగా తెలుగు కీబోర్డుతో అయితే 4. అయినా రెండోదే ఉంచాం. మొదటి దాంట్లో ఫోన్ ఏ మాట చూపిస్తే పిల్లలు దాన్నే నొక్కేస్తున్నారు, 'గోళీలు' కాస్తా 'గోలీలు' అవుతున్నాయి. రెండో దాంట్లో 'ప', పొల్లు, మళ్లీ 'ప' నొక్కితే 'ప్ప' అవడం కళ్లముందే చూస్తారు. పొల్లు గుర్తుకి వాళ్లు పెట్టిన పేరు 'ఫెవికాల్'. ఒత్తు రాకపోతే "ఫెవికాల్ మర్చిపోయావ్" అని ఒకళ్లనొకళ్లు దిద్దుకుంటున్నారు.

ఫెవికాల్ ఎక్కువైన కేసు కూడా ఉంది. ఒకడు 'బస్' కొట్టి పక్కనే 'లో' కొడితే 'స'కి 'ల' ఒత్తుగా అతుక్కుని 'బస్లో' అయింది. రెండూ విడిగా ఉండాలంటే మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి వేయాలని తమ్ముడు వివరించబోయాడు. క్లాసుకి తోడొచ్చిన ఒక అమ్మమ్మ "బస్సులో అని రాయరాదా నాయనా" అంది. సమస్య అక్కడితో సరి.

మొదటి సంచికని అసలు కాగితాలు చూసి మళ్లీ కొట్టించాం. 54 మార్పులూ వెనక్కి పోయాయి.

ఇప్పటిదాకా: 23 గంటలు. ఖర్చు రూ. 100. అచ్చయినవి ఇంకా 0. పిల్లల్లో ఇద్దరు "ఎప్పుడూ?" అని అడగడం మానేశారు. అది మంచి గుర్తు కాదు.

దశ 3: సైటు (జూలై చివర)

ముందు ఒక ఉచిత సైట్-తయారీ సర్వీసులో పెట్టాం. అరగంటలో అయిపోయింది. సాయంత్రం ఫోన్‌లో తెరిచి చూస్తే చీమ పద్యం కింద పర్సనల్ లోన్ ప్రకటన. అదే రోజు తీసేశాం.

తమ్ముడు గిట్‌హబ్ పేజెస్‌కి మార్చాడు. ఉచితమే, ప్రకటనలు ఉండవు, సైటు 1 జీబీ లోపు ఉంటే చాలు. మాకు అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. ఇక్కడ మేం చేసిన తప్పులు:

తెలుగు ఫైలు పేర్లు. 'కప్ప పెళ్లి' అని పేరు పెట్టి లింకు వాట్సాప్‌లో వేస్తే శాతం గుర్తులు, అంకెలతో పాములా సాగింది. ఒక్కో తెలుగు గుర్తు 3 బైట్లు, లింకులో ఒక్కో బైటు 3 అక్షరాలు. 'కప్ప పెళ్లి'లో 10 గుర్తులు, ఒక ఖాళీ. మొత్తం 93 అక్షరాలు! ఒక తల్లి అది వైరస్ అనుకుని తెరవలేదు. ఇప్పుడు లింకులో సంచిక నంబరు, పేజీ నంబరు మాత్రమే.

పెద్దక్షరాలు, చిన్నక్షరాలు. నా ల్యాప్‌టాప్‌లో కనపడ్డ బొమ్మలు సైటులో కనపడలేదు. ఫైలు పేరు చివర జేపీజీ అని ఫోన్ పెద్దక్షరాల్లో పెట్టింది, మేం లింకులో చిన్నక్షరాల్లో రాశాం. విండోస్‌కి రెండూ ఒకటే, సర్వర్‌కి వేరు. 11లో 6 బొమ్మలు దీనివల్లే పోయాయి.

ఒత్తులు తెగిపోవడం. వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకి సరిపోయేంతే ఉంది. 'స్త్రీ'లో కింది ఒత్తు తర్వాతి వరస తలకట్టుకి తగిలింది. ఎడం 1.2 నుంచి 1.8కి, అక్షరం సైజు 16 నుంచి 22కి పెంచాం.

అన్నిటికన్నా పెద్దది ఇది. ఒక బొమ్మ ఫైలు పేరులోనే బాబు అసలు పేరు ఉండిపోయింది. మర్నాడు చూసి పేరు మార్చాం, హమ్మయ్య అనుకున్నాం. రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మనం తీసేసింది పైన మాత్రమే. పాత వెర్షన్లన్నీ చరిత్రలో అలాగే ఉన్నాయి, ఎవరైనా వెనక్కెళ్లి చూడొచ్చు." ఉచిత ఖాతాలో సైటు పెట్టాలంటే సైటు ఫైళ్లన్నీ ఉండే ఖజానా అందరికీ తెరిచే ఉంటుంది. ఈ సంగతి వాడికి ముందే తెలుసు, నాకు చెప్పడం మర్చిపోయాడు. ఆ రాత్రే మొత్తం చెరిపేసి కొత్తది మొదలుపెట్టాం. ఇప్పుడు చిత్తుప్రతులు నా ల్యాప్‌టాప్ దాటవు. చివరి రూపమే పైకెళ్తుంది.

ఇప్పటిదాకా: 34 గంటలు. ఖర్చు రూ. 100. పెట్టినవి 11, తీసినవి 11.

దశ 4: పేరు, ముఖం, బస్సు టైము (ఆగస్టు)

జూన్‌లోనే వాట్సాప్ గ్రూపులో "మీ పిల్లల రచనలు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా?" అని అడిగాను. 14 మందిలో 12 మంది 4 నిమిషాల్లో బొటనవేలు చూపించారు. చదివి పెట్టినవి కావవి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అంగీకారం సరిచూసుకోగలిగేలా ఉండాలి. బొటనవేలు బొమ్మ అలాంటిది కాదనిపించింది. రెండు పేజీల ఫారం అచ్చేసి, రాత, బొమ్మ, గొంతు దేనికి దానికి విడిగా టిక్కు పెట్టించాం. ఆ పక్కనే బిడ్డ సంతకానికీ గడి. 14 మందిలో 5 మంది తల్లిదండ్రులు గొంతు దగ్గర టిక్కు పెట్టలేదు. బొటనవేలు పెట్టినప్పుడు వీళ్లలో ఒక్కరూ ఏమీ అనలేదు.

కలం పేర్లు పెడితే సరిపోతుందనుకున్నాం. సరిపోలేదు. 'ఇడ్లీ పులి' కథ మొదటి పేరాలో వాళ్ల టవర్ పేరు, నాలుగో అంతస్తు, స్కూలు బస్సు 7:40కి ఏ గేటు దగ్గర ఆగుతుందో అన్నీ ఉన్నాయి. పేరు దాచి చిరునామా ఇచ్చినట్టయింది. ఇంకో బొమ్మ ఫోటోలో మూలన స్కూలు బెల్టు, దాని మీద బడి ముద్ర.

పెద్దలు వేలు పెట్టక తప్పని చోటు ఇదొక్కటే అని నిర్ణయించుకున్నాం. అయినా మేం మార్చం, సంగతి చెప్తాం, మాట వాళ్లే మార్చుకుంటారు. 'ఇడ్లీ పులి' కాసేపు పెన్సిల్ కొరికి, 7:40 కొట్టేసి, "పాలప్యాకెట్లు అయిపోయి దోసెపిండి అన్న వచ్చే టైముకి" అని రాశాడు. నాకు మొదటిదాని కన్నా ఇదే నచ్చింది. ఆ మాట వాడితో అనలేదు, మళ్లీ చేతివాటం మొదలవుతుందని భయం.

తీసేసే రూలు: పిల్ల గానీ తల్లిదండ్రి గానీ అడిగితే 24 గంటల్లో తీసేస్తాం, కారణం అడగం. మొదటి సంచికలో రెండు ఇట్లా పోయాయి, 9 మిగిలాయి. ఇంకో పాప స్నేహితురాలి మీద పాట రాసి, గొడవపడి తీయించి, రెండు వారాలకి మళ్లీ పెట్టించింది.

సెర్చిలో రాకుండా చేయడంలో కూడా తప్పు చేశాం. పేజీలో, సెర్చి జాబితాలో చేర్చొద్దని చెప్పే 'నోఇండెక్స్' గుర్తు పెట్టి, పైగా రోబోట్స్ ఫైలులో గూగుల్‌ని లోపలికి రావద్దన్నాం. రెండు తాళాలు వేశాం అనుకున్నాం. లోపలికి రానివ్వకపోతే ఆ గుర్తుని అది చదవలేదు. బయట ఎక్కడైనా లింకు కనపడితే చిరునామాని జాబితాలో చేర్చుకునే వీలుంటుంది. రోబోట్స్ ఫైలులో అడ్డు తీసేసి, నోఇండెక్స్ ఒక్కటే ఉంచాం.

ఇప్పటిదాకా: 40 గంటలు. ఖర్చు రూ. 184 (ఫారాలు 28 పేజీలు, పేజీకి 3). సైటులో ఉన్నవి 9.

దశ 5: గొంతు (సెప్టెంబరు, అక్టోబరు)

చదవడం రాని తాతమ్మలు వినాలి కదా అని మొదలుపెట్టాం. కాలర్ మైకు కొన్నాను, 450. గౌనుకి పెడితే గరగరా. వృథా. మామూలు ఫోనే, నోటికి జానెడు దూరంలో పెడితే నయం. గది ప్రతిధ్వనికి మందు: బీరువా తలుపులు తెరిచి, చీరల వైపు తిరిగి చదవడం. ఫ్యాను ఆపాలి, లిఫ్టు చప్పుడు అయ్యేదాకా ఆగాలి. ఒక రికార్డింగులో కథ మధ్యలో వాళ్లమ్మ వంటింట్లోంచి అసలు పేరుతో కేకేసింది. మళ్లీ చేశాం.

వాట్సాప్ వాయిస్ ఫైళ్లు ఒక పాత ఐఫోన్‌లో మోగలేదు. అన్నీ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ఎంపీ3కి మార్చాం. మోనో, 64 కేబీపీఎస్. నిమిషానికి 480 కేబీ.

'పచ్చిమామిడి' తన కథని ఒక్కో మాటా కూడబలుక్కుని 2 నిమిషాల 40 సెకన్లలో చదివింది. నేను ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటర్‌లో ఖాళీలు కత్తిరించి 1 నిమిషం 25కి తెచ్చాను. విని, "ఇది నేను కాదు ఆంటీ, నేను ఇంత ఫాస్ట్ కాదు" అంది. 163 మార్పుల పాఠం చెవిదాకా చేరలేదన్నమాట. పూర్తి రికార్డింగ్ మళ్లీ పెట్టాను.

ఇప్పటిదాకా: 52 గంటలు. ఖర్చు రూ. 634. రచనలు 19, వాటిలో 8కి గొంతు ఉంది.

దశ 6: మూడో సంచిక (నవంబరు)

పెద్దల వల్ల జరిగిన మార్పుల లెక్క: మొదటి సంచికలో 163, రెండో దాంట్లో 19, మూడో దాంట్లో 3. ఆ మూడూ చిరునామాలు బయటపడే చోట్లే.

సంచికలు మాత్రం సన్నబడుతున్నాయి: 9, 10, 8. పిల్లలే టైపు చేస్తే ఆలస్యం తప్పదు. నెలకొకటి అన్నది రెండు నెలలకొకటి అయింది. అచ్చుతప్పులు చాలా ఉన్నాయని ఇద్దరు తల్లిదండ్రులు ఫోన్ చేశారు. ఒకాయన తప్పులన్నీ ఎర్రరంగు పెట్టి నాకు పంపారు, 22 ఉన్నాయి. ఆ కాగితం ఆ పిల్లకి చూపించలేదు. అక్కడ 'తప్పు' కింద పెట్టినవాటిలో 5 నిజానికి చిత్తూరు వైపు మాటలు.

"గూగుల్‌లో నా పేరు కొడితే నా కథ ఎందుకు రాదు?" అని 'టైరు తాత' అడుగుతున్నాడు. నీ పేరు అందులో లేదు కదరా అంటే, "టైరు తాత అని కొడితే?" అన్నాడు. ఐదో తరగతి వాళ్లు నలుగురూ వాడి వైపే. డిసెంబరులో తల్లిదండ్రులతో కలిసి కూర్చుంటున్నాం. ఈలోపు నోఇండెక్స్ అలాగే ఉంటుంది.

మొత్తం: 61 గంటలు. రూ. 634. 27 రచనలు.

పెండింగ్: 'కప్ప పెళ్లి' రెండో భాగం. పెళ్లివారు విడిదింటికి దిగేదాకా కొట్టాక ఫోన్ చార్జింగ్ అయిపోయింది, మేం సేవ్ చేయలేదు. ఇప్పుడు ఐదు వాక్యాలకోసారి సేవ్ చేయమని బోర్డు మీద రాసి పెట్టాం. ఆ కథ రాసిన బాబు మాత్రం మళ్లీ మొదటినుంచి కొట్టనంటున్నాడు. కప్పలు ఇంకా విడిదింట్లోనే ఉన్నాయి.